తెర మీదికి తానే దారి వేసుకున్న ఫాత్మా బేగం

మైత్రీవనం దగ్గర బస్సు దిగి, ఈ మధ్య అయితే మెట్రో దిగి, సారథి స్టూడియోకు దారి అడిగే ఆడపిల్లలు అమీర్‌పేటకు కొత్త కాదు. కాలేజీ నాటకంలో వేషం కట్టి మెప్పు పొందిన అమ్మాయి టీవీ సీరియల్లో చిన్న పాత్ర దొరికితే చాలనుకుంటుంది. సీరియల్లో కనబడ్డ అమ్మాయి సినిమా వైపు చూస్తుంది. వారిలో మన ముస్లిం ఇళ్ళ పిల్లలూ ఉంటారు. ఇది మన ఖాందాన్‌కు తగిన పనేనా అని ఇంట్లో పెద్దలు అడగడమూ మామూలే. ఆ మాట ఇంతకంటే ఎన్నో రెట్లు గట్టిగా వినబడిన రోజుల్లో నాటకశాల నుంచి తెర మీదికి వచ్చి, తెర వెనుక అధికారం కూడా చేతికి తీసుకున్న ఒక ముస్లిం మహిళ గురించి ఈ శుక్రవారం పాఠకులకు చెప్పదలచాం. ఆమె పేరు ఫాత్మా బేగం. మన దేశంలో సినిమాకు దర్శకత్వం వహించిన తొలి మహిళ ఆమే.

ఫాత్మా బేగం 1892లో పుట్టారు. ఇంటి భాష ఉర్దూ. ఆమె నటన నేర్చింది ఉర్దూ రంగస్థలం మీద. ఆ రంగస్థలం ఎలాంటిదో నాలుగు మాటలు చెప్పక తప్పదు. బొంబాయిలో పార్శీ వ్యాపారులు నాటక కంపెనీలు పెట్టి, రంగులు వేసిన పరదాలు, హార్మోనియం, తబలా, వేషాల పెట్టెలు రైలెక్కించుకుని ఊరూరా తిరిగేవారు. యజమానులు పార్శీలైనా నాటకాల భాష ఎక్కువగా ఉర్దూయే. ఆగా హష్ర్ కాశ్మీరీ వంటి రచయితలు ఆ కంపెనీలకే రాశారు. మొదటి సాలార్‌జంగ్ పిలుపు మీద 1872లో విక్టోరియా నాటక మండలి హైదరాబాదుకు వచ్చి ప్రదర్శనలిచ్చింది. 1880లో రాజమండ్రి వచ్చిన ధార్వాడ నాటక సమాజం మన ఆంధ్రులకు నాటకాల పిచ్చి ఎక్కించిన సంగతి తెలిసిందే. మన పద్య నాటకాల్లో పార్శీ మట్లు ఎంత బలంగా నాటుకున్నాయో పాతతరం వారికి చెప్పనక్కరలేదు.

మైకులు లేని కాలం. చివరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా మాట వినబడాలి. ప్రాసలతో సాగే ఉర్దూ సంభాషణను తడబడకుండా, ఊపిరి సరిచూసుకుంటూ చెప్పాలి. అవసరమైతే అందులోనే పాట ఎత్తుకోవాలి. ఇదంతా చేయగలిగిన ఆడవాళ్ళు చాలా తక్కువ. ఆడ వేషాలు చాలావరకు మగవాళ్ళే కట్టేవారు. తెలుగు నాటకంలో స్థానం నరసింహారావు ఆడ వేషాలతోనే పద్మశ్రీ దాకా వెళ్ళారు. కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి వారు తమ ఇంటి ఆడవాళ్ళనే రంగం ఎక్కించడం అప్పట్లో పెద్ద సాహసం. అలాంటి కాలంలో ఒక ముస్లిం స్త్రీ బహిరంగంగా నాటకాలాడడమంటే బంధుత్వాలన్నీ పణంగా పెట్టడమే.

ఆమె జీవితంలో అందరూ మొదట చెప్పుకునే విషయం ఒకటుంది. సూరత్ దగ్గర సచిన్ అనే చిన్న సంస్థానం ఉండేది. దాని నవాబులు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు. మన నగరంలో ఏసీ గార్డ్స్ అని పిలిచే బస్తీ పేరులో ఉన్నది కూడా ఆ జాతి వారి జ్ఞాపకమే. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటది. సచిన్ నవాబు మూడో ఇబ్రహీం ముహమ్మద్ యాకూత్ ఖాన్‌తో ఫాత్మా బేగంకు వివాహమైందని చెబుతారు. ఆమెకు ముగ్గురు కూతుళ్ళు: సుల్తానా, జుబైదా, షెహజాదీ. జుబైదా పుట్టింది 1911లో, సూరత్‌లో. సినిమా లోకం ఈ పిల్లల్ని రాకుమార్తెలుగానే చెప్పుకుంది. కానీ ఆ వివాహానికి సంబంధించిన కాగితం ఏదీ లేదు. ఈ పిల్లలు నా పిల్లలని నవాబు ప్రకటించినట్లూ ఎక్కడా నమోదు కాలేదు.

ఈ విషయం మీద అప్పటినుంచి ఇప్పటిదాకా చాలామంది చాలా రాశారు. మేము ఆ జోలికి పోదలచుకోలేదు. ఒక స్త్రీ శీలం మీద మాట విసరాలంటే నలుగురు సాక్షులుండాలని, లేకపోతే విసిరినవాడే నేరస్తుడని సూరె నూర్ తెలిసిన ప్రతి ముస్లింకూ తెలుసు. అయితే ఒక్కటి మాత్రం చెప్పాలి. నికాహ్‌కు సాక్షులుండాలని, మహర్ తేల్చుకోవాలని షరీఅత్ పట్టుబట్టేది ఇందుకే. కాగితం లేకపోయినందువల్ల ఇబ్బంది పడ్డది నవాబు కాదు. గద్దె ఆయనకు ఉండనే ఉంది. ముగ్గురు ఆడపిల్లల్ని పోషించుకోవలసింది తల్లి. ఆమె చేతిలో ఉన్న ఆస్తి నాటకాలతో పదునెక్కిన నటన ఒక్కటే.

ముప్ఫై ఏళ్ళ వయసులో ఆమె సినిమాల్లోకి వచ్చారు. 1922లో అర్దెషిర్ ఇరానీ కంపెనీ తీసిన వీర అభిమన్యు ఆమె మొదటి చిత్రం. మహాభారత కథ, మూకీ చిత్రం. సుల్తానా కూడా అందులో నటించింది. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1913లో, దాదాసాహెబ్ ఫాల్కే రాజా హరిశ్చంద్ర తీస్తే తారామతి వేషానికి ఆడది దొరకక సాలుంకే అనే యువకుడికి చీర కట్టించాల్సి వచ్చింది. అదే ఏడాది ఫాల్కే రెండో చిత్రంలో దుర్గాబాయి, ఆమె కూతురు కమలాబాయి నటించినా, పరిస్థితి ఒక్క రోజులో మారలేదు. తల్లీ కూతుళ్ళు కలిసి కెమెరా ముందు నిలబడడం 1922 నాటికి కూడా అరుదే.

నాటకానికీ మూకీకీ ఉన్న తేడా చూడండి. రంగస్థలం మీద ఆమె బలమంతా గొంతులో ఉంది. మూకీలో గొంతుతో పని లేదు. ముఖంతో, చేతులతో, నడకతో చెప్పాలి. మధ్యమధ్య తెర మీద అక్షరాలు పడేవి. అవి రెండు మూడు భాషల్లో ఉండేవి. చదువురాని వారి కోసం హాల్లో ఒకడు బిగ్గరగా చదివి వినిపించేవాడు. పదిహేనో వరుస కోసం పెద్దగా ఊపిన చెయ్యి కెమెరా ముందు వికారంగా కనబడుతుంది. ఆ ఒడుపు తెలుసుకోలేక నాటకం నుంచి వచ్చిన ఎందరో వెనుదిరిగి పోయారు. ఫాత్మా బేగం నిలదొక్కుకున్నారు. 1924 ఒక్క ఏడాదే ఆమె ఖాతాలో నాలుగైదు చిత్రాలున్నాయి. పృథ్వీవల్లభ్, కాలా నాగ్, గుల్-ఎ-బకావలీ వాటిలోవి. గుల్-ఎ-బకావలీ కథ తెలుగువారికి కొత్త కాదు. 1962లో ఎన్.టి. రామారావు, జమున నటించిన గులేబకావళి కథ ఆ ఉర్దూ దాస్తాన్ నుంచి వచ్చిందే. దానికి ముప్ఫై ఎనిమిదేళ్ళ ముందే కోహినూర్ కంపెనీ మూకీగా తీసిన ఆ కథలో జుబైదా, ఫాత్మా బేగం ఇద్దరూ కనిపించారు.

పన్నెండేళ్ళు నిండీ నిండకముందే జుబైదా నటనలోకి దిగింది. ఇది మంచి పనేనా అని పాఠకులు అడగవచ్చు. ఇవాళ్టి కళ్ళతో చూస్తే కాదనే మేము అంటాం. ఆ పిల్ల బడి మాటేమిటని ఎవరూ ఆలోచించినట్లు లేదు. అయితే కూతుళ్ళు నటించిన చిత్రాల్లో కొన్నింటిలో తల్లి కూడా ఉన్నారు. 

సినిమా అసలు జాయిజ్ అవునా కాదా అన్న విషయంలో ఉలమాలకు భిన్నాభిప్రాయాలున్నాయి. ఈ పేజీ చదివేవారిలో చాలామంది కాదనేవారే. ఆ చర్చ తీర్చే అర్హత మాకు లేదు. కానీ ఆమె తర్వాత చేసిన పనిని చూడడానికి ఆ చర్చ అడ్డం రాకూడదు.

1926లో ఆమె సొంత కంపెనీ పెట్టారు. పేరు ఫాత్మా ఫిలింస్. రెండేళ్ళకు అది విక్టోరియా ఫాత్మా ఫిలింస్ అయింది. స్త్రీ సంపాదించుకున్నది స్త్రీదేనని, భర్తకు గానీ తండ్రికి గానీ దాని మీద హక్కు లేదని మన ధర్మశాస్త్రం మొదటినుంచీ చెబుతున్నది. ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో గానీ రాలేదు. మనకు పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం దక్కిన హక్కును ఎంతమంది ముస్లిం స్త్రీలు వాడుకున్నారని లెక్క తీస్తే తలవంచుకోవాల్సి వస్తుంది. ఫాత్మా బేగం వాడుకున్నారు. వేషానికి ఇంత అని ఎవరో ఇచ్చే డబ్బుకు ఎదురుచూసే స్థితి నుంచి, పదిమందికి తానే జీతమిచ్చే స్థితికి చేరుకున్నారు. కంపెనీకి పెట్టిన పేరు కూడా గమనించాలి. నవాబు పేరు కాదు, సంస్థానం పేరు కాదు. తన పేరు.

ఆ కంపెనీ తీసిన మొదటి చిత్రం బుల్‌బుల్-ఎ-పరీస్తాన్. దర్శకత్వం ఫాత్మా బేగందే. పరీస్తాన్ అంటే పరీల లోకం. అమ్మమ్మలు, నానమ్మలు పిల్లలకు చెప్పే దాస్తాన్ల లోకం అది. కథలో పరీలుంటే మాయలు తప్పవు. మనుషులు మాయమవాలి, గాలిలో తేలాలి. ఆ రోజుల్లో ఇదంతా కెమెరాలోనే చేయాల్సిన పని. ఫిలిం కొంత తిప్పి, లెన్సుకు మూత పెట్టి, వెనక్కి చుట్టి, అదే ముక్క మీద మళ్ళీ బొమ్మ తీసేవారు. చెయ్యి ఒక్క చుట్టు తప్పితే పని మొత్తం పాడు. ఖర్చు ఎక్కువ, ధైర్యం అంతకంటే ఎక్కువ కావాలి. అనుభవమున్న మగ దర్శకులే వెనుకాడే రకం సినిమాను ఒక స్త్రీ తన మొదటి ప్రయత్నానికి ఎంచుకున్నారు. ఇంటి కథో, కన్నీటి కథో తీసి సరిపెట్టుకోలేదు. మాకు ఆమెలో అన్నిటికంటే నచ్చినది ఇదే. ఆ చిత్రంలో జుబైదా నటించింది.

తర్వాత మూడేళ్ళలో ఆమె మరికొన్ని చిత్రాలకు దర్శకత్వం వహించారు. హీర్ రాంఝా వాటిలో ఒకటి. 1929లో వచ్చిన గాడెస్ ఆఫ్ లక్ ఆఖరుది. సొంత కంపెనీ నడుపుతూనే బయటి స్టూడియోల్లో, ముఖ్యంగా కోహినూర్, ఇంపీరియల్ కంపెనీల్లో నటిగా పని చేశారు. ఉదయం ఒకరి దగ్గర నటి, సాయంత్రం తన దగ్గర దర్శకురాలు, నిర్మాత. కథ రాసుకోవడం కూడా తన పనే.

ఇదే కాలంలో మన హైదరాబాదులో ఏం జరిగిందో చెప్పుకోవాలి. నిజాం ప్రభుత్వ కళాశాలలో పని చేయడానికి వచ్చిన బెంగాలీ చిత్రకారుడు ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో ఇక్కడ లోటస్ ఫిలిం కంపెనీ పెట్టారు. సినిమాలు తీశారు, ప్రదర్శనశాలలూ నడిపారు. 1924లో రజియా బేగం అనే చిత్రాన్ని బొంబాయి నుంచి తెప్పించి ఆడించారు. ఢిల్లీ గద్దెనెక్కిన ముస్లిం సుల్తానా ఒక హిందువును ప్రేమించినట్లు చూపిన కథ అది. నిజాంకు ఆగ్రహం వచ్చింది. గంగూలీ సంస్థానం విడిచి వెళ్ళవలసి వచ్చింది. కంపెనీ మూతపడింది. తర్వాత చాలా ఏళ్ళు ఈ నగరంలో సినిమా పరిశ్రమ నిలదొక్కుకోలేదు. అమీర్‌పేటలో సారథి స్టూడియో వచ్చి, 1959లో మా ఇంటి మహాలక్ష్మి పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తెలుగు చిత్రంగా విడుదలయ్యాక గానీ ఆ వెలితి తీరలేదు. బొంబాయిలో ఒక ముస్లిం స్త్రీ సొంతంగా సినిమాలు తీస్తున్న ఏళ్ళలో, ముస్లిం పాలకుడున్న నగరంలో సినిమాలు తీసిన మనిషి ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో ఆలం ఆరా విడుదలైంది. మన దేశపు మొదటి టాకీ. కథానాయిక జుబైదా. నిర్మాత, దర్శకుడు అర్దెషిర్ ఇరానీ. తొమ్మిదేళ్ళ క్రితం తల్లికి మొదటి వేషమిచ్చిన మనిషే కూతురిని తొలిసారి తెర మీద మాట్లాడించాడు. కథ కూడా జోసెఫ్ డేవిడ్ రాసిన పార్శీ నాటకం నుంచి తీసుకున్నదే. అంటే నాటకాన్ని వదిలి సినిమాకు వచ్చిన కుటుంబం దగ్గరికి నాటకమే వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.

టాకీ రాగానే మూకీ తారల బతుకులు తారుమారయ్యాయి. పెద్ద పేరున్న సులోచనకు హిందుస్తానీ సరిగా రాకపోవడంతో ఏడాది పాటు సినిమాలు ఆపి భాష నేర్చుకోవలసి వచ్చింది. ఆలం ఆరా కథానాయకుడు మాస్టర్ విఠల్‌దీ అదే ఇబ్బంది. ఉర్దూ పలకలేడు. అందువల్ల చిత్రంలో చాలాసేపు అతన్ని మత్తులో ఉన్నట్లు చూపించి సర్దుకున్నారు. పాత కంపెనీ అతని మీద దావా వేస్తే కోర్టులో అతని తరఫున వాదించిన న్యాయవాది మహమ్మద్ అలీ జిన్నా కావడం మరో విశేషం. జుబైదాకు ఈ చిక్కులేవీ రాలేదు. ఆమె పెరిగింది ఉర్దూ రంగస్థలం నుంచి వచ్చిన తల్లి ఒడిలో. మూకీల కాలంలో పనికిరాకుండా పోయిన తల్లి గొంతు కూతురికి అక్కరకు వచ్చింది.

ఆలం ఆరా స్టూడియోలో మన తెలుగువారూ ఉన్నారు. ఏలూరు దగ్గరి పల్లె నుంచి బొంబాయి చేరి ఆకలితో తిరిగిన ఎల్.వి. ప్రసాద్ అందులో చిన్న వేషం వేశారు. ఇరానీ దగ్గర పని నేర్చిన హెచ్.ఎం. రెడ్డి అదే ఏడాది కాళిదాసు తీసి తెర మీద తెలుగు మాట వినిపించారు. 1932లో భక్త ప్రహ్లాద తీశారు. అందులో లీలావతి వేషం కట్టిన సురభి కమలాబాయి కూడా నాటకం నుంచి వచ్చినావిడే. పంజగుట్ట దాటి బంజారాహిల్స్ వైపు వెళితే కనబడే కంటి ఆసుపత్రికి ఉన్నది ఈ ప్రసాద్‌గారి పేరే.

కాళిదాసులో నటించిన టి.పి. రాజలక్ష్మి 1936లో మిస్ కమల తీసి దర్శకురాలయ్యారు. 1953లో భానుమతి చండీరాణితో మెగాఫోన్ పట్టారు. తర్వాత విజయనిర్మల నలభైకి పైగా చిత్రాలు తీసి గిన్నిస్ రికార్డుకెక్కారు. వీళ్ళందరికంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నది ఫాత్మా బేగం. మన వాళ్ళ సినిమా చరిత్రల్లో ఆమె పేరు ఒక్క వాక్యంతో సరిపెట్టడం మాకు అన్యాయంగా తోస్తుంది.

టాకీల్లోనూ ఆమె కొన్నేళ్ళు నటించారు. 1930ల చివర వచ్చిన దునియా క్యా హై ఆఖరి చిత్రం. అప్పటికి వయసు నలభై అయిదు దాటింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా ఆమె మౌనంగానే బతికారు. దేశం రెండయింది. సుల్తానా కరాచీలో స్థిరపడింది. సుల్తానా కూతురు జమీలా, 1952లో మన దేశానికి వచ్చిన పాకిస్తాన్ తొలి టెస్టు జట్టు ఆటగాడు వకార్ హసన్‌ను పెళ్ళాడింది. జుబైదా బొంబాయిలోనే ఉండిపోయింది. తల్లి ఒకచోట, కూతురు సరిహద్దు అవతల. అలాంటి ఇళ్ళు మన హైదరాబాదులోనూ ఎన్ని లేవు!

1959లో ఢిల్లీలో టెలివిజన్ మొదలైంది. బొంబాయికి 1972లో, హైదరాబాదుకు 1977లో వచ్చింది. వారానికోసారి పాత సినిమా వేస్తే వాడంతా ఒకే ఇంట్లో చేరి చూసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఫాత్మా బేగం 1983లో, తొంభై ఒకటో ఏట కన్నుమూశారు. టీవీ ఇంటింటికీ చేరడం ఆమె బతికుండగానే మొదలైంది. కానీ ఆ డబ్బాలో వేసి చూపడానికి ఆమె తీసిన సినిమా ఒక్కటీ మిగల్లేదు. మన దేశంలో సుమారు 1,300 మూకీలు తయారైతే ఇవాళ దొరికేవి కొద్ది డజన్లు మాత్రమే. నైట్రేట్ ఫిలిం నిప్పు తగిలితే భగ్గున మండిపోతుంది, తగలకపోయినా కాలం గడిచేకొద్దీ చివికి పొడవుతుంది. కొందరు అందులోని వెండి కోసం కరిగించుకున్నారు. పుణేలో జాతీయ ఫిలిం భాండాగారం 1964లో గానీ ఏర్పడలేదు. అప్పటికే ఆలస్యమైంది. బుల్‌బుల్-ఎ-పరీస్తాన్ లేదు. ఆలం ఆరా కూడా లేదు.

జుబైదా హైదరాబాదు కోడలయింది. జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ వారి వంశీకుడు మహారాజ్ నర్సింగిర్ ధన్‌రాజ్‌గిర్ జ్ఞాన్ బహదూర్‌ను వివాహమాడింది. ఈసారి అది దాపరికం లేని, లోకం అంతటికీ తెలిసిన పెళ్ళి. 1949లో వచ్చిన నిర్దోష్ అబలా ఆమె ఆఖరి చిత్రం. బొంబాయి గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ధన్‌రాజ్ మహల్ అనే పెద్ద భవనం ఆ కుటుంబానిదే. కొడుక్కు హుమాయూన్ అని, కూతురికి దుర్రెషహ్వార్ అని పేర్లు పెట్టుకున్నారు. నిజాం పెద్దకోడలు, ఉస్మానియా ఖలీఫా కూతురు అయిన యువరాణి దుర్రుషెహ్వార్ పేరు ఆనాడు హైదరాబాదులో ఎంత అభిమానంగా పలికేవారో తెలిసినవారికి ఆ పేరు వింత అనిపించదు. తల్లి పోయిన అయిదేళ్ళకు, 1988 సెప్టెంబరులో, జుబైదా బొంబాయిలో మరణించింది.